మూడు పంచాంగాల కాపురం

మా ఆవిడ సింగపూర్‌లో కాపురానికి మూడుసార్లు వచ్చింది. మధ్యలో అలగడం, పుట్టింటికి వెళ్లడం లాంటివేమీ జరగలేదు. ఒకే ఇంటికి, ఒకే మొగుడి దగ్గరికి, ఒకే చలికాలంలో మూడుసార్లు. సింగపూర్‌లో చలికాలం ఎక్కడిదని అడక్కండి. నేను చెప్పబోయేదాంట్లో మీరు నమ్మలేనిది అదొక్కటే అయితే నాకు సంతోషమే.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు మళ్లీ ఊపందుకున్న రోజులవి. టాంపినీస్‌లో ఒక సర్దార్జీ దంపతుల ఫ్లాట్‌లో, వంటింటి పక్క చిన్నగదిలో అద్దెకుండేవాణ్ని. మంచం వేశాక మిగిలిన చోటులో చొక్కా తొడుక్కోవాలంటే ఒక చెయ్యి కిటికీలోంచి బయట పెట్టాల్సి వచ్చేది. కింద పోయేవాళ్లు నేను పలకరిస్తున్నాననుకొని చేతులూపేవారు. అలా ఆ బ్లాకులో నాకు మంచి పేరొచ్చింది.

అంకుల్ తువాస్‌లో ఓడలు కట్టేచోట ఫోర్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆయన కంపెనీ బస్సు ఎక్కడం చూసి డ్రైవర్లు గడియారాలు సరిచేసుకునేవారట. ఈ మాట ఆయనే చెప్పారు కాబట్టి నేను పెంచింది ఏమీ లేదు. ఆంటీ గడియారాన్ని లెక్కచేసే మనిషి కాదు. ఆమెకు చంద్రుడు కనిపించాలి. ముప్పై ఏళ్లుగా ఇద్దరికీ ఏ తగాదా లేదు. ఆ ఏడాదే కొత్త క్యాలెండర్ వచ్చి పడింది.

నానక్‌షాహీ అంటారు దాన్ని. సిక్కుల పండగలు అంతకుముందు మనకిలాగే తిథులను బట్టి వచ్చేవి. కొత్త క్యాలెండర్‌లో సూర్యుడి లెక్క. మార్చి నడిమధ్యన చేత్ నెలతో ఏడాది మొదలు. తర్వాత వైశాఖ్, జేఠ్, అలా అన్నీ మన నెలలే, తలపాగా చుట్టుకుని వచ్చాయి. ప్రతి నెలా ఒకటో తారీఖు ఏటా అదే ఇంగ్లీషు తేదీన పడుతుంది. పదో గురువుగారి పుట్టినరోజు, వాళ్ల మాటలో గురుపర్బ్, ఇకమీద ఎప్పుడూ జనవరి అయిదే. అంకుల్ ఆ క్యాలెండర్‌ను హాల్లో టీవీ మీద తగిలించి, దాని కింద నిలబడి వచ్చినవాళ్లందరికీ అప్పజెప్పేవారు.

"పాత లెక్కలో ఒక్కో ఏడు గురుపర్బ్ రెండుసార్లు వస్తుంది బేటా. జనవరిలో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి. మరుసటి ఏడు అసలు రాదు. మహానుభావుడు ఒకే ఏడు రెండుసార్లు పుట్టి, పై ఏడు పుట్టడం మానేస్తాడా?"

ఆంటీ వంటింట్లోంచే జవాబిచ్చేవారు. "మొదటి గురువుగారి పుట్టినరోజు మీ కొత్త క్యాలెండర్‌లో కూడా పున్నమికే ఉంది కదా. ఆయనకి చంద్రుడు కావాలి, పదో ఆయనకి అక్కర్లేదా? ఎవర్నడిగి పీకేశారు?"

"అది వేరే!"

"ఏం వేరే లాహ్?" కోపమొస్తే ఆంటీ మాటకు ఇలా సింగపూర్ తోక తగిలేది.

అంకుల్ టీవీ సౌండు పెంచేవారు.

ఆంటీకి ఒక చిక్కొచ్చింది. తిథులు చూసుకునే పాత పంచాంగం ఊరి నుంచి రావడం ఆగిపోయింది. గుడిలో అడిగితే కొత్తదే చేతిలో పెట్టారు. ఒక సాయంత్రం అంకుల్ నడకకు వెళ్లింది చూసుకుని నా గది గుమ్మంలో నిలబడ్డారు.

"పుత్తర్, నీ దగ్గర చంద్రుడి పుస్తకం ఉందటగా?"

ఉంది. పెళ్లయ్యాక మా మావగారు నా పెట్టెలో పెట్టిన పంచాంగం. నేను దాన్ని కంప్యూటర్ మానిటర్ కింద ఎత్తు కోసం పెట్టుకున్నాను. దుమ్ము దులిపి తెరిచాను. ఆ చిన్న అక్షరాలూ, ఘడియలూ, విఘడియలూ చూస్తే ఎవరో నా మీద కోపంతో రాసిన ప్రోగ్రామ్‌లా ఉంది. గత్యంతరం లేక అమలాపురం ఫోన్ చేశాను.

"ఏంటీ, సర్దార్ల గురువుగారి తిథి మనం చెప్పాలా?" అన్నారు మావగారు. ఆ ఆనందానికి ఫోన్ వైరు వేడెక్కింది. "పుష్య శుద్ధ సప్తమి కదూ? ఉండండి అల్లుడుగారూ, కళ్లజోడు తెస్తాను."

సప్తమి క్రిస్మస్ వెళ్లిన నాలుగైదు రోజులకు పడింది. ఆంటీ నా బుగ్గలు పుణికి, ఆ రాత్రి నా రొట్టె మీద వెన్న రెట్టింపు వేశారు. అంకుల్ దగ్గర నేను కొత్త క్యాలెండర్‌ను మెచ్చుకునేవాణ్ని, అక్కడా వెన్న. ఇరుపక్షాల వెన్నతో ఆర్నెల్లలో ప్యాంట్లన్నీ బిగుతయ్యాయి.

అదే సమయానికి మా ఆవిడకు వీసా వచ్చింది. పెళ్లయిన వారానికే ఆమెను అత్తారింట వదిలి వచ్చినవాణ్ని, నాకు ఒక్కరోజు ఆగాలని లేదు. కానీ చొక్కాయే తొడుక్కోలేని గదిలోకి మనిషిని తేవడమెలా? అదృష్టం, పెద్దగదిలో ఉన్న ఇద్దరు కుర్రాళ్లు బుకిట్ పంజాంగ్ వెళ్లిపోతున్నారు. ఆ గది మాకిమ్మని అడిగాను.

దంపతులిద్దరి మొహాలూ వెలిగిపోయాయి. వేరే చోట ఉండే వాళ్ల కొడుకులిద్దరూ పెళ్లి మాటెత్తితే ఇంట్లోంచి లేచి వెళ్లిపోయే రకం. కొత్త కోడలు గడప దాటడం ఆ ఇల్లు చూడనే లేదు.

"ఇస్తాను. కానీ పిల్ల గురుపర్బ్ నాడే ఇంట్లో కాలు పెట్టాలి. అలా అయితేనే గది. లేకపోతే మా తువాస్ స్నేహితుడి తమ్ముడు అడుగుతున్నాడు," అన్నారు అంకుల్.

"అంతే. గురుపర్బ్ నాడే," అన్నారు ఆంటీ.

ఆ ఏడాదంతట్లో వాళ్లు ఏకీభవించింది అదొక్క మాటే. ఆయన జనవరి అయిదు అన్నారు. ఆమె సప్తమి అన్నారు. నేను ఫోన్ ఎత్తాను.

"పుష్యమాసంలోనా!" మావగారి కేక అమలాపురం నుంచి ఫోన్ లేకుండానే వినిపించి ఉంటుంది. "అది శూన్యమాసం అల్లుడుగారూ! దూడను కూడా కొత్త కొట్టంలో కట్టం. పిల్లని కాపురానికి పంపమంటారా? మాఘం రానివ్వండి."

"అప్పటికి గది పోతుంది మావయ్యగారూ."

"గది పోతే గది వస్తుంది. పుష్యంలో కాపురం మాత్రం..."

వెనక నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "నాన్నా, చుట్టపుచూపుగా వెళ్తానులే. చుట్టాలకి శూన్యమాసం ఏవిటి?"

ఈమెతో జీవితం బాగుంటుందని నాకు ఆ క్షణాన తెలిసింది. మావగారు చాలాసేపు దగ్గి ఒప్పుకున్నారు. షరతేమిటంటే, మాఘం వచ్చేదాకా ఆమె ఆ ఇంటి పెద్దావిడ దగ్గరే పడుకోవాలి, నేను ఆ గది గుమ్మం తొక్కకూడదు. కాపురం కాదు, చుట్టరికం.

అలా సప్తమినాడు మా ఆవిడ మొదటిసారి వచ్చింది. గుమ్మంలో ఆంటీ నూనె పోశారు. కొత్త కోడలు వస్తే వాళ్లు అలా పోస్తారు. చెంబుతో నీళ్లు మా తలల చుట్టూ తిప్పి గటగటా తాగబోయారు. ఆ నీళ్లు తాగనివ్వకుండా కొడుకు ఆపాలట. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఆమె సగం చెంబు తాగేసి నా వంక ఆశగా చూస్తుంటే, దాహం వేసిందేమో అనుకొని ఇంకో చెంబు తెచ్చిచ్చాను.

ఆంటీ ఇంట్లోనే కడా ప్రసాదం, వాళ్ల గుడిలో పెట్టే హల్వా, చేశారు. గోధుమపిండి నేతిలో ఎర్రగా వేగుతుంటే వచ్చిన వాసన గురించి ఒక్కటే చెబుతాను. అప్పట్లో మా బ్లాకు లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగేది కాదు, మాకు ఒక అంతస్తు మెట్లెక్కడం తప్పేది కాదు. ఆ రోజు మాత్రం లిఫ్టు మా అంతస్తులో ఆగి తలుపు తెరుచుకుంది. లోపల ఒక చైనా ముసలాయన చేతిలో కప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నమ్మకపోతే మీ ఇష్టం.

అంకుల్ ఆ పూటంతా పేపరు చదువుతూ కూర్చున్నారు. "ఇవాళ మామూలు సోమవారం," అని గోడకు చెప్పారు. ఆంటీ ప్రసాదం తెచ్చి ముందు నిలబడ్డారు. ఆయన పేపరు పక్కన పెట్టి, లేచి, తలపాగా సర్దుకుని, రెండు అరచేతులూ కలిపి పట్టారు.

"మామూలు సోమవారం కదా?" అన్నారు ఆంటీ.

"ప్రసాదానికి తారీఖేంటి?" అని కళ్లు మూసుకుని నోట్లో వేసుకున్నారు.

పంచాయితీ తీరిందనుకున్నాను. తీరలేదు. నాలుగో రోజుకు అంకుల్ నన్ను పక్కకు పిలిచారు.

"పిల్ల గురుపర్బ్ నాడు రాలేదు బేటా. మాట తప్పావు."

"అంకుల్, వచ్చేసింది కదా. వంటింట్లో బీన్స్ తరుగుతోంది."

"అది ఆంటీ లెక్క. జనవరి అయిదున మళ్లీ రావాలి."

"పోనీ కింద హాకర్ సెంటర్ దాకా వెళ్లి టీ తాగి వస్తాం."

ఆయన నన్ను జాలిగా చూశారు. "టీ తాగి వస్తే అది రావడమా? కొత్త కోడలంటే ఊరు దాటి రావాలి."

సింగపూర్‌లో ఊరు దాటడమంటే దేశం దాటడమే. జనవరి అయిదున సెలవు పెట్టి, పట్టుచీర కట్టుకున్న భార్యతో, సారె డబ్బాలతో సహా బస్సెక్కి మలేషియా వెళ్లాను. జొహోర్‌లో చెరో కొబ్బరిబొండం తాగి వెనక్కి తిరిగాం. తిరుగుదారిలో ఇమ్మిగ్రేషన్ అమ్మాయి పాస్‌పోర్ట్ చూసి, చీర చూసి, డబ్బాలు చూసి, ఇంతలోనే తిరిగొచ్చారేం అని అడిగింది.

"కొత్తగా కాపురానికి వస్తున్నాను," అంది మా ఆవిడ.

"పోయిన వారం కూడా వచ్చారు."

"అది చంద్రుడి లెక్క. ఇది సూర్యుడిది."

ఆ అమ్మాయి స్టాంపు వేసేసింది. దేశానికి ప్రమాదం లేని పిచ్చి అని తేల్చుకుని ఉంటుంది.

ఇంట్లో గురుపర్బ్ హడావుడి. అంకుల్ తెల్లవారే గుడికి వెళ్లి సేవ చేసి వచ్చారు. గుమ్మంలో నూనె పొయ్యడానికి మాత్రం ఆంటీ రానన్నారు, తనది అయిపోయిందని. అంకుల్ స్వయంగా పోశారు. ఓడలకు గ్రీజు పెట్టిన చెయ్యి. సీసా సగం ఖాళీ చేశారు. మా ఆవిడ కుడికాలు పెట్టింది. ఆ తర్వాత పెట్టాల్సిన ఎడమకాలు అవసరం పడలేదు. గుమ్మం నుంచి జారి, హాలు దాటి, టీవీ కింద కొత్త క్యాలెండర్ ముందు ఆగింది. చీర నలగలేదు.

"చూశావా, నేరుగా ఎక్కడికి వచ్చిందో!" అన్నారు అంకుల్.

సప్తమీ, జనవరి అయిదూ అయ్యాయి. మావగారి మాఘం మిగిలింది. పెద్దగదికి ఆంటీ తాళం వేశారు, మంచిరోజు దాకా ఎవరూ తొక్కొద్దని. నా చిన్నగది అప్పటికే ఒక స్టూడెంట్‌కు ఇచ్చేశారు. వచ్చిన రాత్రి నుంచీ మా ఆవిడ ఆంటీ మంచం మీద, ఆంటీ పక్కన. కాబట్టి అంకుల్ హాల్లో, నా పక్కన.

అంకుల్ గురక గురించి నేను అతిశయోక్తులు చెప్పను. ఓడరేవులో పొగమంచు పడితే ఓడలు కూత వేస్తాయి. ఈయనకు ఏ రేవులోనో ఓడలు బదులు పలికేవి. నా అవస్థ సరే, పదో పొద్దుకల్లా ఆయనే నడుం పట్టుకుని లేచారు. నేల మీద పడుకుని ఎన్నేళ్లయిందో. లోపల్నుంచి ఆడవాళ్లిద్దరి నవ్వులు వినిపిస్తున్నాయి. ఏ భాషలో నవ్వుకుంటున్నారో దేవుడికే తెలియాలి.

"మీ మావగారి మాఘం ఎప్పుడు?" అన్నారు.

"అమావాస్య వెళ్లాక అంకుల్. ఇంకా చాలా ఉంది."

ఆయన మెల్లగా లేచి క్యాలెండర్ దగ్గరకు నడిచారు. వేలు పెట్టి చూపించారు. "మా మాఘ్ పదమూడో తారీఖునే. అంటే మంగళవారం!" అంతవరకూ ఆయన క్యాలెండర్‌ను ధర్మం కోసం సమర్థించారు. ఆ రోజు నుంచి నడుం కోసం సమర్థించారు.

మంగళవారం పొద్దున్నే మావగారికి ఫోన్ కలిపాను. "మావయ్యగారూ, మీ ఇంట్లో పుష్యమే. ఈ ఇంట్లో మాత్రం మాఘం వచ్చేసింది. కాపురం చేసేది ఈ ఇంట్లో కదా?"

"అదెలా వస్తుందండీ ముందే?"

అంకుల్ ఫోన్ లాక్కున్నారు. తెలుగు ముక్క రాదు. "మాఘ్, జీ! మాఘ్! సూరజ్!" అని అరుస్తూ నడుం మీద చెయ్యి వేసుకున్నారు, అవతలివాళ్లకు కనిపిస్తుందన్నట్టు.

నేను ఫోన్ వెనక్కి తీసుకునేసరికి అవతల మావగారు పంచాంగం తిరగేస్తున్నారు. "సూర్యమానం అంటున్నారు ఆ పెద్దాయన. అదీ శాస్త్రమే, కాదనలేం. కానీ ఆ ఇంటి ఇల్లాలు ఏమంటారు? ఆవిడ నోట మాఘమని వస్తే నాకు అభ్యంతరం లేదు."

పండగలు తిథులకే అయినా, నెల మొదలు మాత్రం ఆంటీ పాత లెక్కలోనూ సూర్యుణ్ని బట్టే; ఆ లెక్కలో మాఘ సంక్రమణం మరునాడు. ఒక్కరోజు తేడా. ఏడాదంతా పాత లెక్క కోసం పోట్లాడిన మనిషి. అందరం వంటింటి వైపు చూశాం. ఆంటీ పిండి కలుపుతున్నారు. అంకుల్ గోడ పట్టుకుని, మెల్లగా, వంగి, కుర్చీలో కూర్చున్నారు. కూర్చోవడానికి చాలాసేపు పట్టింది.

ఆంటీ ఆయన్నే చూశారు. చేతులు కడుక్కుని వచ్చి ఫోన్ అందుకున్నారు.

"మాఘ్," అన్నారు. ఆ ఒక్క మాటే. ఫోన్ నాకిచ్చి, కొంగున కట్టుకున్న పెద్దగది తాళంచెవి మా ఆవిడ చేతిలో పెట్టారు. మా ఆవిడ గది గుమ్మం ముందు నిలబడి మూడోసారి కుడికాలు పెట్టింది. ఈసారి నూనె వద్దని నేను ముందే గుడ్డతో తుడిచి ఉంచాను. నీళ్ల చెంబు తిప్పినప్పుడు మాత్రం, నేర్చుకున్నాను కాబట్టి, మొదటి గుక్కకే ఆపాను.

ఆ పూట అంకుల్ తన మంచం మీద పడుకుని నిద్రపోయిన తీరు చూస్తే నాకు ఏ క్యాలెండర్ మీదా కోపం రాలేదు.

మర్నాడు పొద్దున్నే లేచేసరికి ఇల్లంతా నేతి వాసన. ఆంటీ తలస్నానం చేసి, తలమీద కొంగు కప్పుకుని, పొయ్యి ముందు నిలబడి గోధుమపిండి వేయిస్తున్నారు.

"ఇవాళేంటి ఆంటీ?" అన్నాను.

"ఇవాళ మాఘ్ మొదలు పుత్తర్," అన్నారు, నిన్నటి సంగతి అసలు ఎప్పుడూ జరగనట్టు.

అంకుల్ తలపాగా సర్దుకుంటూ వచ్చి, చేతులు చాచి, వరసలో మా ఆవిడ వెనక నిలబడ్డారు. లిఫ్టు ఆగిన చప్పుడైంది.