కప్పు గెలిచిన రోజు ఫోటో

పెనుకొండలో మా క్లబ్బుకు మగవాళ్ల ఫుట్‌బాల్ జట్టు ఒకటి, మా ఆడపిల్లల త్రోబాల్ జట్టు ఒకటి ఉండేవి. ఫుట్‌బాల్ వాళ్లు ఏ టోర్నమెంటులోనూ నెగ్గిన పాపాన పోలేదు. తొంభైల్లో ఒక సాయంత్రం, మా గ్రౌండులోనే ధర్మవరం అమ్మాయిలను ఓడించి కప్పు గెలిచింది మేము. క్లబ్బు చరిత్ర మొత్తానికి వచ్చిన కప్పు అదొక్కటే.

ఫోటోగ్రాఫరు హిందూపురం నుంచి రావాలి. ఎంతకీ రాలేదు. పొద్దు గూకేలోగా ఇల్లు చేరకపోతే మరునాటి నుంచి మాకు ఆటే ఉండదు. ఫుట్‌బాల్ కెప్టెన్ మా చేతుల్లోంచి కప్పు అందుకుని, "మీరు పోండమ్మా, మేముండాము కదా" అన్నాడు. పొద్దున మేమే కట్టిన త్రోబాల్ నెట్టు కూడా విప్పకుండా పరుగెత్తాం.

ఏళ్ల తర్వాత క్లబ్బు మూసేస్తూ, మేము వెళ్లాక తీసిన ఆనాటి ఫోటో, గోడ మీదిది, ఎవరికీ అక్కర్లేక నాకిచ్చారు. పదకొండు మంది మగవాళ్లు, మధ్యలో మా కప్పు. సిగ్గు లేకుండా ఎంత బాగా నవ్వుతున్నారో!

"అమ్మా, ఇందులో నువ్వు యాడుండావు?" అని నా కూతురు అడిగింది.

వాళ్ల భుజాల వెనక వేలాడుతున్న నెట్టు చూపించాను.

"ఆ ముడి నేనేసిందే."