పక్కకి తూలినా ఆపే రెయిలింగు

మా మేడమెట్లకు గోడ ఒకవైపే ఉంది, రెండోవైపు ఖాళీ. మోకాళ్లు బాగున్నన్నాళ్లూ ఆ ఖాళీ నా కంటికే ఆనలేదు. మొన్న వేసవి మొదట్లో ఓ జల్లు పడి, మెట్టు మీద కాలు జారింది. గోడ పట్టుకుని నిలబడ్డాను గానీ కోడలు చూసింది.

"అత్తయ్యా, రెయిలింగు పెట్టించేదాకా మీరు మేడెక్కడానికి వీల్లేదు."

మామిడికాయలు దిగే రోజులు. ఏటా మేడ మీదే ఒరుగులు ఎండబెడతాను. మా ఆయన పోయాక నాకు పొద్దుపోయేది అక్కడే. ఎక్కకుండా ఎట్లా ఉండను?

విస్సన్నపేట రోడ్డులో వెల్డింగు షాపు సాయిబు వచ్చి ఒక్కరోజులో స్టీలు రెయిలింగు బిగించేశాడు. ఒక్కో నిలువు పైపు కింద రేకు బిళ్ల, దానికి నాలుగు బోల్టులు, అవి టైల్సులోకి. బిగించి, దాన్ని పట్టుకుని వేలాడి చూపించాడు.

"చూడు పెద్దమ్మా, ఏనుగెక్కినా కదలదు."

"ఏనుగు మా మేడెందుకెక్కుద్దయ్యా? ఎక్కేది నేను. మనిషి తూలితే వేలాడదు, పక్కకి పడుద్ది. పక్కకి తొయ్యి."

నవ్వుతూ భుజంతో తోశాడు. పైన బెత్తెడు ఊగింది, కింద టైలు టిక్కుమని చిట్లింది. అతని నవ్వు ఆగిపోయింది.

మా ఆయన తాపీ మేస్త్రి. ఆయన వెనకాల ఏళ్లకేళ్లు సిమెంటు తట్టలు మోశాను. టైలు కింద ఉండేది పలచటి సిమెంటు మాలు, గట్టి కాంక్రీటు బోల్టులకి అందకుండా ఆ కిందెక్కడో ఉంటుంది. పైన తోసిన బలమంతా అడుగునే పడుతుంది.

"టైలు కోసి, పైపుని కాంక్రీటులోకి దించయ్యా. పేరంటానికి పదిమంది వస్తే అందరూ దీన్నే ఆనుకుంటారు."

"రెండ్రోజుల పని పెద్దమ్మా!"

"మూడు చేసుకో."

దించి, చుట్టూ కాంక్రీటు పోశాడు. పైపుల మొదళ్లకు గోనెపట్టాలు చుట్టాం. వారం రోజులు కింది మెట్ల దగ్గర నేను, పైన కోడలు తడుపుతూనే ఉన్నాం, ఎవర్నీ ముట్టనివ్వలేదు.

ఎనిమిదోనాడు సాయిబు తనంతట తానే వచ్చి భుజంతో తోశాడు. కోడలూ తోసింది. నేనూ తోశాను. ముగ్గురం కలిసి తోసినా ఇసుమంత కదల్లేదు.

"ఇంక మీ ఇష్టం అత్తయ్యా," అంది కోడలు.

ఒక చేత్తో మామిడి ముక్కల గిన్నె, రెండో చెయ్యి రెయిలింగు మీద. సగం ఎక్కి, పనేం లేకపోయినా దానికి నడుం ఆనించి కాసేపు నిలబడ్డాను. ఎండకు పైపు వెచ్చగా ఉంది.