ఎర్ర కండ్ల కాలంలో ఊచబియ్యం విందు

1981లో నన్ను జహీరాబాద్ ప్రాంతపు ఆరోగ్య కేంద్రానికి హెల్త్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. హోదా పెద్దగానే వినిపిస్తుంది. నిజానికి డాక్టరుగారు సంతకం పెట్టిన ఉత్తర్వును సైకిలు మీద ఊళ్లకు చేర్చి, అది అమలయ్యేదాకా అక్కడే నిలబడటం నా పని. ఆ చలికాలం ఊరూరా కండ్లకలక పాకింది.

ఝరాసంగం వైపు ఒక చిన్న ఊరికి ఏటా జొన్నకంకి పాలు పట్టే వేళకు హైదరాబాద్ నుంచి కుటుంబాలు వచ్చేవి. చేనులోనే పచ్చి కంకులు కాల్చి, నలిపి, వేడి గింజలు తినేవారు. వాటినే ఊచబియ్యం అంటారు. ఎవరింట్లో ఎవరు దిగాలో, రొట్టెలు ఎవరు చేయాలో ఊరివాళ్లే కూర్చొని తేల్చుకునేవారు. ఆ ఏర్పాట్లకు పెద్దదిక్కు ఈశ్వరమ్మ. అతిథులు వస్తున్నారనే ఆ ఊరికి బస్సు వేశారు. ఒక్క సీజను ఖాళీగా తిరిగినా ఆపేస్తామని డిపోవాళ్లు చెప్పి ఉన్నారు. బస్సు పోతే నొప్పులొచ్చిన ఆడవాళ్లను మళ్లీ ఎడ్లబండిలోనే దవాఖానకు తేవాలి.

"అవసరమైతే అతిథులను ఆపవలెను" అన్న ఉత్తర్వుతో నేను వెళ్లేసరికి సగం ఊరి కళ్లు పండుమిరపకాయల్లా ఉన్నాయి.

"రేపే బస్సొస్తది సారూ, ఇప్పుడెట్ల ఆపాలె? మా కండ్లు వాళ్లకు కనవడకుంటే సాలదా?" అన్నది ఈశ్వరమ్మ.

కలక చూపుతో అంటుకోదనీ, చేతులతో, తువ్వాళ్లతో అంటుతుందనీ వివరించాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"అట్లనా! అయితే చేతులు గూడ దాస్తం."

'అవసరమైతే' అన్న మాట నిర్ణయాన్ని నాకు వదిలింది. ఆ మధ్యాహ్నమంతా ఊరివాళ్లతో కూర్చున్నాను. అతిథులను బడిలో దించాలి, కంకులు వాళ్లే కాల్చుకోవాలి, కలక ఉన్నవాళ్లు అతిథుల వస్తువులు ముట్టరాదు, అందరూ సబ్బుతో చేతులు కడగాలి అని తేలింది.

మరునాడు బస్సు ఆగేసరికి ఊరంతా వెనక్కి తిరిగి, చేతులు గొంగళ్లలో దాచుకొని, "రాండ్రి, రాండ్రి!" అని పిలుస్తోంది. చూపు సంగతి నేనెంత చెప్పినా, ఎందుకైనా మంచిదని వాళ్లు అలా నిలబడ్డారు.

అతిథుల్లో పెద్దవారు హమీద్ సాబ్, బ్యాంకు మేనేజరు; ఆ ఊరికి రావడం అదే మొదటిసారి. ఇది ఈ ఊరి మర్యాద అనుకున్నారు. మర్యాదలో తాము తగ్గకూడదని వెంటనే వెనక్కి తిరిగి, బస్సు టైరుకు సలాం చేసి, "అందరు ఖైరియతేనా?" అని అడిగారు.

"బాగున్నం సాబ్" అన్నది ఈశ్వరమ్మ, ఎదురుగా ఉన్న గడ్డివాముతో.

డ్రైవరు నా చెవిలో, "వీళ్లకు ఏమన్న లడాయా సార్?" అన్నాడు.

చేనులో నిప్పు రాజేశారు. ఊరివాళ్లు దూరంగా అటు తిరిగి కూర్చొని సలహాలు ఇచ్చారు.

"కాలింది సాబ్, తియ్యుండ్రి!"

"అటు తిరిగినవు కద, నీకెట్ల తెలుసు?"

"వాసనొస్తలేదా సాబ్? మాడుతున్నయి!"

సాబ్ మీసం ఒకవైపు కాస్త చుర్రుమంది. పిల్లల మొహాలు మసి పట్టాయి. తమ చేతులతో కాల్చుకు తిన్నది ఇదే మొదటిసారి కావడంతో ఎవరూ లేవలేదు.

తెల్లవారేసరికి నా కళ్లు అంటుకుపోయాయి. అతిథులను చూద్దామని బడివైపు నడిస్తే ఈశ్వరమ్మ అడ్డం వచ్చింది.

"ఆడనే ఆగుండ్రి సారూ. మీరు చెప్పిందే కద!"

నన్ను గొడ్ల కొట్టంలో పెట్టి, వేరే సబ్బు, వేరే తువ్వాలు ఇచ్చారు. సాయంత్రం డాక్టరుగారు జీపులో తనిఖీకి వస్తే, గేదె వెనక నుంచే నివేదిక చెప్పాను. ఆయన దగ్గరికి రాబోయారు.

"డాక్టర్ సాబ్, మీరు గూడ జర అటు తిరుగుండ్రి" అన్నది ఈశ్వరమ్మ. ఆయన ఒక్క క్షణం ఆలోచించి తిరిగారు. మిగతా తనిఖీ అలాగే జరిగింది.

వారం తర్వాత హమీద్ సాబ్ ఇంకో మూడు కుటుంబాలను వెంటబెట్టుకొని వచ్చారు. మొదట వచ్చినవాళ్లలో ఎవరికీ కలక రాలేదని ఆయనే చెప్పారు. బస్సు ఆ సీజనంతా నిండుగా తిరిగింది, ఆ తర్వాతా ఆపలేదు.

ఆపమని రాయడానికి ఒక్క వాక్యం చాలు. ఎలా నడపాలో ఊరితో కూర్చొని తేల్చడానికి ఒక పూట పడుతుంది. ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా ఆ పూట కేటాయించుకున్నాను. నేను చెప్పినదాంట్లో ఆ ఊరు నమ్మింది సగమే. అంటురోగాల పనిలో ఆ సగం సరైన సగమైతే చాలు.