తూర్పుకు కట్టిన పరదా

బందరులో పుట్టినవాళ్లకు వానంటే లెక్క ఉండదని భాగ్యలక్ష్మి షంషాబాద్ సర్వీసు రోడ్డు మీద అందరికీ చెప్పేసింది. అక్కడ వాళ్ల వీధిలో వానాకాలమంతా పొయ్యి మీద దండెం కట్టి బట్టలు ఆరేస్తారు. అగ్గిపెట్టెను బియ్యం డబ్బాలో దాస్తారు. గొడుగు కొన్నవాణ్ణి చూసి నవ్వుతారు, సముద్రపు గాలికి అది మర్నాటికి ఊచలై మిగులుతుంది కనక.

చెప్పడం బాగానే ఉంది కానీ, పెళ్లై ఇక్కడికి వచ్చి ఆమె పెట్టిన పునుగుల బండి మాత్రం రెండేళ్లుగా వానాకాలంలో మూతపడుతోంది. నాలుగు పక్కలా తెరిచి ఉన్న బండి, ఏ గాలికైనా పొయ్యి ఆరిపోతుంది. దసరాకు మళ్లీ తెరిచేసరికి ఎయిర్‌పోర్టు క్యాబుల డ్రైవర్లు ఇంకో చోటికి అలవాటు పడి ఉంటారు.

ఈసారి ఆమె భర్త జగన్ ముందే చెప్పాడు. అతను ట్రాలీ ఆటో నడుపుతాడు.

"మళ్ల పొయ్యి ఆరిందనుకో, బండి అమ్మేద్దాం. అత్తాపూర్ల హాస్టల్‌కి వంటామె కావాలంటున్నరు. నీడకు ఉంటవు."

"ఇంకొకరి వంటింట్లో వాళ్లు చెప్పినంత ఉప్పేసి వండటం నావల్ల కాదండీ," అంది భాగ్యలక్ష్మి. "ఈ ఏడు మూయను. చూడండి."

లారీల టార్పాలిన్లు కుట్టే విలాయత్ అలీ దగ్గరికి వెళ్లింది. బండికి పైకప్పు, ఒక పక్కంతా మూసే పరదా, అటూ ఇటూ రెక్కలు కావాలంది.

"ఏ పక్క మూయాలమ్మా?"

"తూర్పు పక్క, భాయ్. రోడ్డు వైపు బేరానికి తెరిచి ఉండాలి."

అలీ ఒక్క క్షణం ఆమె ముఖం చూసి, కొలత తీసుకున్నాడు. అంచు మడిచి, లోపల తాడు పెట్టి, రెండు వరసలు కుట్టాడు. జానెడుకో ఇత్తడి రింగు దిగ్గొట్టాడు. బిగించాక వేలితో కొడితే డప్పులా మోగింది.

ముసురు పట్టింది. మొదటి సాయంత్రం మూకుట్లో నూనె కాగుతుండగా గాలి రోడ్డు మీదుగా ఎదురొచ్చి, తెరిచిన వైపు నుంచి లోపలికి దూరింది. పొయ్యి ఆరింది. వెలిగిస్తే మళ్లీ ఆరింది. లోపలికొచ్చిన గాలికి పోయే దారి లేక పరదా బూరెలా ఉబ్బింది. పక్కన మొక్కజొన్న కంకులు కాల్చే తారాబాయి తన బొగ్గుల మీద గొడుగు పట్టుకుని చూస్తోంది.

"ఏందక్కా, మీ బందర్ల గాలి తలుపు కొట్టి వస్తదా?"

భాగ్యలక్ష్మికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆటో దిగిన జగన్ చల్లారిన మూకుడు చూశాడు.

"బండి చూడనీకి రేపు పొద్దుమీకి ఒకాయన్ని రమ్మంట," అన్నాడు మెల్లగా.

మర్నాడు పొద్దున్నే ఆమె అలీ దుకాణంలో ఉంది.

"భాయ్, గాలి పడమటి నుంచి వస్తోంది."

"ఈ వానలల్ల పడమటి నుంచే వస్తది. ఇంకెటు నుంచి వస్తది?"

"మా ఊళ్లో తూర్పు నుంచి వస్తుంది, సముద్రం మీదనుంచి. మరి ముందే చెప్పొచ్చుగా."

"జర ఆలోచించిన బేటీ. కాని బందర్ల పుట్టిన మనిషివి, నీకు గాలి గురించి నేనేం చెప్పాలె అనుకున్న."

సూది పెట్టెలోంచి కత్తెర తీశాడు. "విప్పి రోడ్డు దిక్కు కుడ్త. రెండు రోజులు పడ్తది."

రెండు రోజులు లేవు. సాయంత్రానికి కొనేవాడు వస్తాడు. ఆమె నిలబడి ఆలోచించింది. గాలి ముదిరితే బందరులో వాళ్ల వీధి వాళ్లంతా వీధి తలుపు బిగించేసి, పెరటి గుమ్మంలోంచే రాకపోకలు సాగిస్తారు. చుట్టాలొచ్చినా పెరట్లోంచే.

"కుట్టు విప్పకండి భాయ్. బండినే తిప్పేస్తాను."

"రోడ్డుకు వీపు పెట్టి అమ్ముతవా?"

"వానలు తగ్గేదాకా అంతే."

అలీ కత్తెర పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని తనే వచ్చాడు. తారాబాయి కూడా ఓ చెయ్యి వేసింది. ముగ్గురూ కలిసి బండిని తిప్పారు. మూసిన పక్క రోడ్డుకు వచ్చింది, తెరిచిన పక్క వెనకున్న ఖాళీ ప్లాట్ల వైపు మళ్లింది. ఈసారి పొయ్యి చక్కగా వెలిగింది. బేరమే లేదు. క్యాబులు పరదా పక్కనుంచి వెళ్లిపోతున్నాయి.

చీకటి పడే వేళకు ఒక డ్రైవరు ఫోను తడవకుండా మాట్లాడుకునే చోటు వెతుక్కుంటూ వెనక్కి వచ్చాడు. అక్కడ గాలి లేదు, జల్లు లేదు, వేడి వేడి పునుగులున్నాయి. ఒక ప్లేటు తిని, ఇంకో ప్లేటు చెప్పి, మళ్లీ ఫోను తీశాడు.

"అన్నా, పునుగులక్క బండి మూయలే. ఎన్కకు రా. చుక్క వాన పడ్త లేదీడ."

జగన్ కొనేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చేసరికి వెనక అంతా డ్రైవర్లే. జల్లు తగలని చోటు ఉన్నంత మేరా భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. కొనేవాడు బండి చూద్దామని ముందుకు తోసుకెళితే ఒకాయన కసిరాడు. "లైన్ల నిలబడు అన్నా, మేం పిచ్చోళ్లమా?"

ఆయన వరసలో నిలబడి, ఒక ప్లేటు తిని, బండి సంగతి ఎత్తకుండానే వెళ్లిపోయాడు.

జగన్‌కు వాళ్ల కాళ్ల కింది బురద కనిపించింది. కట్టడాల దగ్గర పారేసిన బండముక్కలు ఆటోలో వేసుకొచ్చి, వంగి ఒక్కొక్కటే పరవసాగాడు.

"బండి అమ్ముదామంటే రాళ్లు మోసుడైంది," అని గొణిగాడు.

"ఆ చివర ఊగుతోంది, ఇంకోటి వేయండి," అంది భాగ్యలక్ష్మి మూకుడు మీంచి తల ఎత్తకుండా.