గిటారు మెడకు మామ పెట్టిన వంపు

ఆ రోజుల్లో నా వేళ్లకంటే నా ఫోనుకే గిటారు బాగా వచ్చు. వీడియోలు చూసి చూసి, వాయించడం తప్ప గిటారు గురించి సమస్తం తెలుసుకున్నాను. నా తెలివితక్కువతనాన్ని ముందే ఒప్పేసుకుంటే మీకు వెతుక్కునే పని తప్పుతుంది కాబట్టి చెబుతున్నాను: శుభ్రంగా మోగుతున్న గిటారును మోసుకెళ్లి మరీ నేనే పాడు చేయించాను.

సంగతేమిటంటే, ఎలక్ట్రిక్ గిటారు మెడ మీద మనం వేళ్లు నొక్కే పలక చూపుకు బల్లపరుపుగా ఉన్నా అడ్డంగా కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బుకు రేడియస్ అని ఒక లెక్క. అంకె చిన్నదయ్యేకొద్దీ పలక గుండ్రం, పెద్దదయ్యేకొద్దీ చదును. ఏడుంపావు అంగుళాలంటే బాగా గుండ్రం, పదహారంటే దాదాపు ఇస్త్రీ బల్ల. ఏది హాయి అని అడిగితే మాత్రం ఒక్కొక్కరిది ఒక్కొక్క మఠం. గుండ్రం వాళ్లు చదును వాళ్లింట్లో కాఫీ కూడా తాగరు. నాది చదును గిటారు. ఆ సంగతి తెలియనంతకాలం నాకది చాలా హాయిగా ఉండేది.

బంగారుపేటలో పెళ్లిళ్లకు వాయించే ఆర్కెస్ట్రాలో లీడ్ గిటారు చోటు ఖాళీ అయింది. లీడ్ వాయించేవాడు ముందు నిలబడతాడు, ఫ్లెక్సీ మీద అతని ఫోటో పడుతుంది. నాలుగైదు స్వరాలు కలిపి కార్డులు వాయించేవాడు డ్రమ్ముల వెనక ఉంటాడు (పెళ్లి వీడియోలో వాడి మోచేయి కనిపిస్తే అదృష్టం). ఆ ఫోటో కోసం పోటీలో మిగిలింది ఇద్దరం, నేనూ బొటనవేలన్నా. అతని బొటనవేలు గిటారు మెడ వెనకనుంచి పైకొచ్చి, పక్కింటి గోడమీదినుంచి తొంగిచూసే ఆసామిలా ఉండేది. పోటీకి పది రోజుల ముందు నా గిటారు చేతిలోకి తీసుకుని పెదవి విరిచాడు.

“ఏమప్పా ఇది, రోడ్డు మాదిరి ఉండాది! చెయ్యి నొప్పి పుట్టల్యా?”

“లేదన్నా.”

“పుడతాది. గుండ్రంగా ఉండాల. నాది చూడు, చేతిలో ఇమిడిపోతాది.”

ఇంటికి చేరేలోపే నా చెయ్యి నొప్పి పుట్టింది.

చాంపియన్ రీఫ్స్ బంగారు గని కార్మికుల లైన్లలో మా మేనమామ ఉండేవాడు. గని వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి, గని మూతపడ్డాక కొలవడానికేమీ మిగలక ఇంట్లో ఇడ్లీల ఉబ్బు కొలిచేవాడు. (రెండు వైపులా సమంగా లేదని ఒకసారి ప్లేటు వెనక్కి పంపాడు. అత్త ఆ పూట ఇంకేమీ పెట్టలేదు.) “మామా, దీని రేడియస్ పదహారు, ఏడుంపావు చెయ్యాల” అన్నాను. రేడియస్ అన్న మాటకు, షిఫ్టు సైరను మళ్లీ మోగినట్టు మామ ముఖం వెలిగింది.

“టాలరెన్సు ఎంతరా అల్లుడా?”

“అంటే?”

“అంటే నువ్వు ఇంగ పక్కకు పో.”

(కొలతలో ఎంత తేడా వచ్చినా పరవాలేదో ఆ లెక్కే టాలరెన్సు అని నాకు తర్వాత తెలిసింది.) మూడు రోజులు పట్టింది. రేకుతో ఏడుంపావు అచ్చు కత్తిరించి, పలకలోని లోహపు కమ్మీలన్నీ పళ్లు పీకినట్టు పీకి, చెక్కను గరుకు కాగితంతో రుద్ది రుద్ది గుండ్రం చేసి, కమ్మీలు మళ్లీ బిగించాడు. అచ్చు ఆనించి లైటుకు పట్టి, “వెంట్రుక దూరదు చూడు” అన్నాడు. తీగల్ని కూడా కమ్మీలకు దాదాపు ఆనేంత కిందికి దించాడు. కార్డులు పట్టి చూశాను. నిజంగానే హాయి. నా నొప్పి మాయమైంది, ఆ లేని నొప్పి.

ఆదివారం బంగారుపేట రైల్వే స్టేషను ఎదుటి కల్యాణమండపం మేడమీద పోటీ. ఆర్కెస్ట్రా మాస్టరు అడిగింది ఒక్కటే, పై స్వరం దగ్గర తీగను పక్కకు లాగి ఏడిపించాలి. లాగాను. తీగ ఆ ఉబ్బు ఎక్కి, ముందున్న కమ్మీకి కొట్టుకుని, టక్కున ఊపిరి వదిలింది. మళ్లీ లాగాను. మళ్లీ టక్కు.

“ఏడిపించమంటే చంపేస్తా ఉండావేమప్పా?” అన్నాడు మాస్టరు.

తర్వాత బొటనవేలన్న సంచి విప్పాడు. లోపల వేరే గిటారు. చదునుగా, నున్నగా, అచ్చం నాది ఒకప్పుడు ఉన్నట్టే. తీగ లాగితే కింద రైలు దిగినవాళ్లు కూడా తలెత్తి చూశారు.

“అన్నా, గుండ్రంగా ఉండాలంటివే!”

“కార్డులకు తమ్ముడూ. లీడ్‌కి చదునే గదా, ఎవురైనా చెప్తారు.”

“నాకు చెప్పలేదే?”

“నువ్వు అడగల్యా.”

అతని ఫోటో ఫ్లెక్సీ ఎక్కింది. నేను డ్రమ్ముల వెనక్కి వెళ్లాను. “కొలత తప్పింటే చెప్పు, ఒప్పుకుంటాను” అని మామ వారం రోజులు రేకు పట్టుకుని నా చుట్టూ తిరిగాడు. కొలత తప్పలేదు. ఎవరి చేతికి ఏది హాయో ఆ చేతికే తెలుస్తుంది, నేను నా చేతిని తప్ప అందరినీ అడిగాను.

ఇప్పుడు తమక అనే ఊళ్లో మా ఇంటి వరండాలో గిటార్లు బాగుచేస్తుంటాను, మామ నేర్పిన పనే. ఈ వేసవి పెళ్లిళ్లకు ముందు బొటనవేలన్న వచ్చాడు. “మణికట్టు లాగతా ఉండాది. రవ్వంత గుండ్రం చెయ్యప్పా, రవ్వంతే.” వారం ఉంచుకున్నాను. గుడ్డతో తుడిచాను. అంతే. అన్న వచ్చి, ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని ఒక కార్డు పట్టాడు.

“అబ్బ, వెన్న గదప్పా! ఎంత తీసినావు?”

“నీకు సరిపోయేంత.”

అక్కడితో ఆగి ఉంటే పెద్దమనిషిని అయ్యేవాణ్ణి. “ఒకటే జాగ్రత్తన్నా,” అన్నాను, “గీకిన చెక్క ఇంకా లేతగా ఉండాది. ఎండ సోకితే వంపు పోతాది. దుప్పట్లో చుట్టి పెట్టుకో.”

ఇక ఈ వేసవంతా, ఫ్లెక్సీ మీద నల్ల కళ్లద్దాలతో నవ్వే మా లీడ్ గిటారు, మే నెల ఎండలో, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు పూలదుప్పటి మూట భుజాన వేసుకుని పెళ్లి పందిట్లోకి వస్తున్నాడు. ముసలమ్మలు ఆడబిడ్డా మగబిడ్డా అని అడుగుతున్నారు. డ్రమ్ముల వెనకనుంచి చూస్తూ, పోనీ చెప్పేద్దామని నేను రెండుసార్లు లేచాను కూడా. ఒకప్పుడు గిటారు గీకించుకున్న కుర్రాడొకడు లోపలినుంచి చొక్కా పట్టి లాగి, నన్ను మళ్లీ కూర్చోబెట్టాడు.