గాజుకు ఆనించిన చెవి

మా ఆవిడ పోయిన సంగతి నాకు మందుల కొట్టు ముందు తెలిసింది. గుంటూరులో ఆసుపత్రి ఎదురుగా చీటీ పట్టుకొని వరుసలో నిలబడి ఉన్నాను. నా ముందు ఇద్దరే ఉన్నారు. ఆమె తమ్ముడు రోడ్డు దాటి వచ్చి, నా చేతిలోని చీటీ తీసుకొని, మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. "ఇంక మందులొద్దులే బావా" అన్నాడు. కామెర్లు. మొదట పదిహేను రోజులు పసరు పోయించాం. అందరూ చేసేదే నేనూ చేశాను. చదువుకున్నవాణ్ణి.

నలభై రోజులైంది. నరసరావుపేటలో మా వీధిలో ఆమెను పేరుతో ఎరిగినవాళ్ళు తక్కువ. పాటల పెట్టె ఆవిడ అంటే ఎవరైనా ఇల్లు చూపిస్తారు. ఆ పెట్టె సంగతి చెప్పకుండా ఆమె గురించి చెప్పలేను. నా గురించి కూడా.

మా మామగారికి మాచర్ల బస్టాండు దగ్గర కాఫీ హోటలు, దాని పక్కనే మైకు సెట్ల దుకాణం ఉండేవి. సికింద్రాబాదులో ఒక పాత హోటలు మూతపడుతుంటే అక్కడి జ్యూక్‌బాక్సు కొని తెచ్చి తన హోటల్లో పెట్టాడు. బీరువా అంత వెడల్పు పెట్టె. పై సగం గాజు. గాజు లోపల చిన్న రికార్డులు నిలువుగా పేర్చి ఉండేవి. పావలా వేసి మీట నొక్కితే, ఒక ఇనుప చెయ్యి వరుస వెంట జరుగుతూ వెళ్ళి, అడిగిన రికార్డునే తీసి, తిరిగే పళ్ళెం మీద పెట్టేది. పాట అయ్యాక మళ్ళీ తీసుకెళ్ళి దాని అరలో పెట్టేది. దాన్ని చూస్తూ బస్సులు తప్పిపోయినవాళ్ళు ఉన్నారట. కొన్నేళ్ళకు అది మూగబోయింది. బాగుచేసేవాడు దొరకలేదు. మామగారు దాన్ని గోడవారకు నెట్టి మిరపకాయల బస్తాలు వేయించాడు.

ఆయన పోయాక సామాను పంచుకునేటప్పుడు మా ఆవిడ ఆ పెట్టె ఒక్కటే అడిగింది. తమ్ముడు నవ్వాడు.

"దాన్నేం చేసుకుంటావక్కా? పైన వడియాలు ఎండబోసుకుంటావా?"

"నీ బట్టతల మీద ఎండబోస్తాలేరా. ముందు ఇది లారీ ఎక్కించు."

నాపరాళ్ళ లారీలో, రాళ్ళ మధ్య వరిగడ్డి వేసి తెచ్చారు. దించేటప్పుడు మా వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. నాకు సిగ్గేసింది. నేను అప్పట్లో పంచాయతీ సమితి ఆఫీసులో గుమస్తాని. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేవాణ్ణి. ఆఫీసు సామాను రిజిస్టరు నా చేతిలో ఉండేది.

ఆమెకు ఈ పని కొత్తకాదు. మైకు సెట్ల దుకాణంలోనే పెరిగింది. పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ వెళ్ళి కాలిపోయి వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్లకు పదేళ్ళ వయసులోనే తీగ చుట్టేదట. జ్యూక్‌బాక్సు విప్పిన రోజు ముందుగది నేల మీద పాత క్యాలెండరు కాగితాలు పరిచింది. మొదట విప్పిన స్క్రూ ఒకటో తేదీ గడిలో, తరువాతది రెండో తేదీ గడిలో. నెల అయిపోతే ఇంకో నెల. బిగించేటప్పుడు వెనక నుంచి రావాలి. "విప్పడం ఎలకలకి కూడా తెలుసండీ" అనేది. నిజంగానే లోపల ఎలకల గూడు ఉంది. నేను ఆఫీసు నుంచి వచ్చి, ఏప్రిల్ మీదుగా జాగ్రత్తగా నడిచి వంటగదిలోకి వెళ్ళేవాణ్ణి.

విడిభాగాలు ఎక్కడా దొరికేవి కావు. గుంటూరులో రేడియో కొట్ల వాళ్ళకు దాని పేరే తెలియదు. పళ్ళెం తిప్పే రబ్బరు చక్రం పెళుసుబారి విరిగితే, ఆయిలింజను వాషరును చెప్పులు కుట్టే ఆయన చేత కోయించి, తనే గరుకు కాగితంతో రుద్ది గుండ్రం చేసింది. చిన్న రికార్డులు కొన్ని రెంటచింతల చర్చి ఫాదరుగారు ఇచ్చారు. అవి ఏ భాషో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. రికార్డు మీద ఆనే ముల్లు ఒక్కటి మాత్రం గుంటూరులో దొరికింది, నేనే తెచ్చాను. మూడుసార్లు మరిచిపోయి నాలుగోసారి తెచ్చాను.

ఇనుప చేతిని నడిపే పళ్ళచక్రం అరిగిపోయింది. ఆయిలింజన్ల సామాను చేసే లేతు మేస్త్రి దగ్గరికి వెళ్ళింది. ఆయన మామగారికి స్నేహితుడు. నేనూ వెంట ఉన్నాను. చేసిన చక్రాన్ని ఆమె అక్కడే నిలబడి, ఒక పన్నుకు దారం కట్టి, తిప్పుతూ లెక్కపెట్టింది. ఒక పన్ను తక్కువ.

"ఒక పన్ను తగ్గితే ఏమవుద్దమ్మాయ్? నాకు ఆరు లేవు, తినట్లా?"

"నువ్వు మధ్యలో ఆగినా ఎవరూ అడగరు బాబాయ్. ఇది ఆగితే అడుగుతారు."

మేస్త్రి ఇంకొకటి చేశాడు. డబ్బు తీసుకోలేదు. ఆ రోజు ఇంటికి వస్తూ ఆమె చక్రాన్ని వెండి పట్టీలా గుప్పిట్లో పెట్టుకొని నడిచింది. నేను నాలుగడుగులు ముందు నడిచాను. ఎవరైనా చూస్తారని.

మా ఆఫీసువాళ్ళు ఇంటికి వస్తున్నారంటే పెట్టె మీద దుప్పటి కప్పేవాణ్ణి.  వాళ్ళు వెళ్ళాక ఆమె దాన్ని తీసి, మడిచి, నా కుర్చీ మీద పెట్టేది.

చివరికి రెండు వాల్వులు మాత్రం దొరక్క మిగిలాయి. ఆంప్లిఫయర్లో ఉండే గాజు బుడ్లు. ఒకటి మిరపకాయల బస్తాల కింద పగిలింది. ఒకటి కాలిపోయింది. అవి లేకపోతే అంతా తిరుగుతుంది కానీ పాట బయటికి రాదు. దుకాణాల్లో అన్నీ ట్రాన్సిస్టర్లు వచ్చేశాయి. తమ్ముడు మైకు దుకాణంలోని పాత ఆంప్లిఫయర్లన్నీ అప్పటికే తీసేశాడు. సరిగ్గా అలాంటి వాల్వులు ఒక్కచోట ఉన్నాయని ఆమెకు తెలుసు. మా సమితి జీపు మీద ఊళ్ళల్లో ప్రచారానికి వాడిన మైకు సెట్టులో. ఒకసారి మహిళా మండలి సభలో అది ఆగిపోతే ఈమే విప్పి బాగుచేసింది.

సమితులు పోయి మండలాలు వస్తున్న రోజులు అవి. పాత సామానంతా వేలం వేయమన్నారు. జాబితా రాయాల్సింది నేను.

"ఏమండీ, ఆ మైకు సెట్టు ఎవరికీ అక్కర్లేదుగా" అంది.

"అది సర్కారు సొమ్ము."

"ఊరికే ఇమ్మనట్లేదండీ. పాత ఇనుముతో కలపకుండా విడిగా వేలం పాట పెట్టండి చాలు. మా తమ్ముడు వచ్చి పాడుకుంటాడు."

విడిగా పెడితే నా ఇంటి కోసం పెట్టానంటారు అన్నాను. నా సర్వీసులో మచ్చ లేదన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆమె విని, పొయ్యి మీది పాలు దించడానికి వెళ్ళింది.

ఇక్కడ ఒక మాట రాయాలి. అది రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను. అదే జాబితాలో ఒక ఇనుప బీరువా ఉంది. కొత్తదే. దానికి ఎదురుగా ‘పనికిరాదు’ అని నా చేత్తో నేనే రాశాను. అది సమితి ప్రెసిడెంటుగారింటికి వెళ్ళింది. రెండు ఫ్యాన్లకు ‘కాలిపోయినవి’ అని రాశాను. అవి ఆఫీసరు క్వార్టర్సులో తిరిగాయి. వాళ్ళు అడగను కూడా లేదు. ఇట్లా రాయమన్నారు, రాశాను. మైకు సెట్టును మాత్రం నిబంధన ప్రకారం విరిగిన కుర్చీలతో, తుప్పు రేకులతో కలిపి ఒకే కుప్పగా వేలం వేయించాను. పాత ఇనుము వ్యాపారి పాడుకున్నాడు. తమ్ముడు వచ్చి చూసి, అంత ఇనుము ఏం చేసుకుంటానని తిరిగి వెళ్ళిపోయాడు. నా నిజాయితీ అంతా ఒక్క మనిషి మీదే చూపించాను. మెల్లగా అడిగిన మనిషి మీద.

నాలుగో రోజు ఆమె నాకు చెప్పకుండా బస్సెక్కి ఆ వ్యాపారి కొట్టు వెతుక్కుంటూ వెళ్ళింది. సాయంత్రం నేను వచ్చేసరికి ఇంట్లోనే ఉంది, చెప్పుల నిండా తుప్పు దుమ్ము.

"ట్రాన్స్‌ఫార్మర్లో రాగి కోసం సమ్మెటతో కొట్టారంటండీ" అంది. "గాజంతా పొడి."

తరువాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. కొన్ని నెలలకు మాత్రం, ప్రెసిడెంటుగారింట్లో పేరంటానికి వెళ్ళివచ్చి, పసుపు పాదాలతో గుమ్మంలో నిలబడి అంది.

"మీరు పనికిరాదని రాసిన బీరువా చూశానండీ. చానా బాగుంది."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

ఆ వాల్వులు మద్రాసులో దొరుకుతాయని ఎవరో చెప్పారు. సెలవు పెట్టి వెళ్దామన్నాను. ఆ ఏడు కొత్త మండలం పని. మరుసటి ఏడు లెక్కల తనిఖీ. వచ్చే నెల, వచ్చే నెల అన్నాను. ఆమె ఎదురుచూస్తూ కూర్చోలేదు. మిగిలినదంతా పూర్తిచేసింది. అన్ని స్క్రూలూ వెనకకు నడిచి ఒకటో తేదీకి వచ్చాయి. పావలా అక్కర్లేకుండా లోపల తీగ కలిపింది. దీపాలు వెలిగాయి. మీట నొక్కితే ఇనుప చెయ్యి తడుముకోకుండా వెళ్ళి రికార్డు తెచ్చేది. ముల్లు దిగేది. నిశ్శబ్దం.

పూర్తి నిశ్శబ్దం కాదని ఆమే కనిపెట్టింది. ముల్లు గీతల్లో తిరిగేటప్పుడు ముల్లే కొంచెం పాడుతుంది. గాజుకు చెవి ఆనిస్తే వినిపిస్తుంది. రోజూ పని అయ్యాక, మధ్యాహ్నం పూట, చెంప గాజుకు ఆనించి కళ్ళు మూసుకొని నిలబడేది. ఆమె ఎత్తుకు సరిగ్గా సరిపోయేది. నన్నూ వినమనేది. "ఒక్కసారి చెవి పెట్టండి, పాడుద్ది" అనేది. నేను తరువాత అనేవాణ్ణి. దోమపాట వినడానికి జ్యూక్‌బాక్సు దేనికే అన్నాను ఒకసారి. నవ్వింది. ఆ నవ్వు అప్పుడు నాకు చాలనిపించింది.

పదో రోజున బంధువుల ఆడవాళ్ళు ఇల్లు కడిగారు. గోడలు, తలుపులు, అద్దం, ఆమె గిన్నెలు, అన్నీ తోమి తుడిచారు. ఆమె దువ్వెన ఎవరో తీసేశారు. తమ్ముడు నన్ను పక్కకు పిలిచి, ఆ పెట్టెలో టేప్‌రికార్డరు పెట్టిస్తానన్నాడు. "ఇప్పుడందరూ అదే చేస్తన్నారు బావా, ఊరంతా ఇనపడుద్ది" అన్నాడు. మంచికే అన్నాడు. వద్దన్నాను.

అందరూ వెళ్ళాక మధ్యాహ్నం ముందుగదిలోకి వచ్చాను. పెట్టె మీద దుప్పటి ఉంది. పరామర్శకు ఆఫీసువాళ్ళు వస్తారని మొదటి రోజే నేను కప్పాను. ఆ పరిస్థితిలో కూడా కప్పాను. దుప్పటి ఉన్నందువల్ల ఆడవాళ్ళు దాన్ని ముట్టుకోలేదు. తీశాను. గాజు మీద, నా ఛాతీ ఎత్తున, కొబ్బరినూనె మరక. చెంప, చెవి, పైన జుట్టు పాయ. రోజూ ఒకేచోట ఆనించడం వల్ల అది ఆమె ఆకారంలోనే నిలిచిపోయింది.

మీట నొక్కాను. దీపాలు వెలిగాయి. ఇనుప చెయ్యి వెళ్ళి ఫాదరుగారు ఇచ్చిన రికార్డొకటి తెచ్చింది. ముల్లు దిగింది. మరక చెరగకుండా దాని పక్కన చెవి ఆనించాను. అందుకోసం బాగా వంగాల్సి వచ్చింది. చాలాసేపు ఏమీ వినిపించలేదు. తరువాత, ఎక్కడో గోడ అవతల ఎవరో ఆడమనిషి పాడుతున్నట్టు, అర్థం కాని మాటలు. పాట అయ్యేదాకా వంగే ఉన్నాను. చెయ్యి వచ్చి రికార్డును తీసుకెళ్ళి దాని అరలో పెట్టింది. దీపాలు ఆరలేదు.

ఇప్పుడు ఆ గాజు మీద రెండు మరకలున్నాయి.