ఫుకుషిమా నుంచి వచ్చిన ఉమాశ్రీ

మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉమాశ్రీది జపాన్ వాళ్లతో మాట్లాడే ఉద్యోగం. ఇక్కడి ఇంజినీర్లు చెప్పింది అక్కడి వాళ్లకి, అక్కడి వాళ్లు అడిగింది ఇక్కడి వాళ్లకి వివరంగా చెప్పడం ఆమె పని. వయసు నలభై. మియాపూర్‌లో చిన్న ఫ్లాట్ తీసుకుని ఒక్కతే ఉంటుంది. ఆఫీసులో అందరూ ఆమెని గౌరవంగానే చూస్తారు. మధ్యాహ్నం భోజనానికి తోడు పిలవడం మాత్రం ఎప్పుడో మానేశారు. పిలిచినప్పుడల్లా ఏదో ఒక వంక చెప్పేది మరి. ఆమె మొదటినుంచీ అంతేనని వాళ్ల నమ్మకం.

మొదట్లో ఆమె అలా ఉండేది కాదు. కాకినాడలో చదువుకునే రోజుల్లో నలుగురు స్నేహితురాళ్లు వెంట లేనిదే సినిమాకి కూడా వెళ్లేది కాదు. జపనీస్ నేర్చుకుని అప్పట్లో చేరిన కంపెనీ ఇరవై అయిదేళ్ల వయసులో ఆమెని జపాన్ పంపింది. ఫుకుషిమా తీరంలో చిన్న ఊరు, అక్కడ కారు విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీ. కియోకో అనే పెద్దావిడ ఇంట్లో మేడమీద గది అద్దెకి దొరికింది. కియోకో భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. కొద్ది రోజుల్లోనే ఇద్దరూ కలిసి వండుకోవడం మొదలుపెట్టారు. ఉమాశ్రీ పప్పుచారు కాస్తే, కియోకో అన్నం పక్కకి నెట్టేసి, గిన్నె రెండు చేతులతో ఎత్తి చారు తాగేసేది.

2011 మార్చిలో భూకంపం వచ్చింది. ఇల్లు కొండవాలున ఉండబట్టి సునామీ నీళ్లు అక్కడిదాకా రాలేదు. మర్నాడు పొద్దున్నే వీధిలో మైకు మోగింది. అణు విద్యుత్ కేంద్రం దెబ్బతిందనీ, అందరూ వెంటనే ఊరు విడిచి పడమటి వైపు వెళ్లాలనీ దాని సారాంశం. కియోకో అప్పటికే బియ్యం కడిగి నానబోసింది. "సాయంత్రానికి వచ్చేస్తాంలే" అని గిన్నె మీద మూత పెట్టి కారెక్కింది. రియాక్టర్లను చల్లబరిచే ఏర్పాటు ఆగిపోయిందని, రేడియేషన్ బయటికి వస్తోందని కారు రేడియోలో విన్నారు. మధ్యాహ్నం దాటాక ఒక రియాక్టరు భవనం పేలిపోయిందన్న వార్త వచ్చింది. కియోకో కారు పక్కకి ఆపి, "నానబోసిన బియ్యం పాడైపోతాయి" అంది.

వాళ్లకి చోటు దొరికింది ఒక బడిలోని ఆటల హాల్లో. తెల్లటి సూట్లు తొడుక్కున్న మనుషులు ఒక్కొక్కళ్లనీ నిలబెట్టి తలనుంచి పాదాలదాకా రేడియేషన్ కొలిచే మీటరు పెట్టి చూశారు. ఉమాశ్రీ బూట్ల దగ్గరికి వచ్చేసరికి మీటరు గరగరమంది. బూట్లు విప్పించి, సంచిలో వేసి, మూతికట్టి తీసుకుపోయారు. కాళ్లు కడిగించి మళ్లీ చూశారు. "ఇప్పుడేమీ లేదమ్మా, భయపడకు" అన్నారు. ఎవరో ఇచ్చిన రబ్బరు చెప్పులతోనే ఆమె ఇండియా విమానం ఎక్కింది.

తల్లిదండ్రులు అప్పటికే లేరు. ఉన్నది చెల్లెలు అనూష ఒక్కతే. నిజాంపేటలో కాపురం, ఏడో నెల. శంషాబాద్ విమానాశ్రయానికి అనూష భర్త రవికిరణ్ వచ్చాడు. కారు వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. సీటు నిండా ప్లాస్టిక్ షీటు పరిచి ఉంది. ఉమాశ్రీ దాన్ని చూసింది, దానిమీదే కూర్చుంది. దారంతా అది చప్పుడు చేస్తూనే ఉంది.

కారు నిజాంపేట వెళ్లలేదు. మాదాపూర్‌లో ఒక లేడీస్ హాస్టల్ ముందు ఆగింది.

"వదినగారూ, ఏమీ అనుకోకండి. అనూ కడుపుతో ఉంది కదండీ. డెలివరీ అయ్యేదాకా మీరిక్కడుంటే..."

"నన్ను పరీక్ష చేశారు రవీ. ఏమీ లేదన్నారు."

"తెలుసండి. మా అమ్మావాళ్లే భయపడుతున్నారు. టీవీలో ఏవేవో చూపిస్తున్నారు కదా."

గదిలో సామాను పెట్టుకున్నాక అనూష ఫోన్ చేసింది. "అక్కా, ఏమన్నా తిన్నావా?" అని ఏడ్చేసింది. ఉమాశ్రీ "తిన్నానే" అంది. ఇంటికి రమ్మని అనూష అనలేదు.

ఎక్కణ్ణుంచి వచ్చిందో హాస్టల్లో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. గదిలో ఉండే ఇద్దరమ్మాయిలు మంచాలు మార్పించుకున్నారు. హాస్టల్ నడిపే స్వరూపక్క మంచి మనిషే. తలుపు దగ్గర నిలబడి ఇబ్బందిగా చెప్పింది.

"జర ఏమనుకోకు బిడ్డా. పిల్లలు పరేషాన్ అయితున్రు. పైన రూమ్ ఖాళీగుంది, మంచిగ గాలొస్తది. ఆడ ఉండు."

"అది అంటుకునేది కాదక్కా."

"నాకెర్కనే. గాళ్లకెట్ల చెప్పాలె చెప్పు?"

ఉమాశ్రీ పైగదికి మారింది. ఓ పెద్దాసుపత్రికి వెళ్లి అన్ని పరీక్షలూ చేయించుకుంది. ఒంట్లో ఏ దోషమూ లేదన్నాడు డాక్టరు. ఒంటిమీద పడ్డ దుమ్ము కడిగితే పోతుందని, మనిషి పక్కన కూర్చున్నంత మాత్రాన ఎవరికీ ఏమీ రాదని ఓపిగ్గా చెప్పాడు. ఆమెకి ఆ సంగతి ముందే తెలుసు. అయినా మెస్‌లో తన గ్లాసు తనే విడిగా పెట్టుకోవడం అలవాటు చేసుకుంది. లిఫ్టులో ఎవరైనా ఉంటే మెట్లెక్కేది.

అనూషకి ఆడపిల్ల పుట్టింది. రసజ్ఞ అని పేరు పెట్టారు. బారసాలకి రవికిరణ్ స్వయంగా వచ్చి పిలిచాడు. ఇంటినిండా చుట్టాలు. అనూష పిల్లని తెచ్చి అక్క చేతుల్లో పెట్టబోయింది. ఉమాశ్రీ రెండడుగులు వెనక్కి వేసింది.

"బయట్నుంచి వచ్చానే. చేతులు కడుక్కోలేదు."

"కడుక్కుని రా మరి."

"తర్వాత ఎత్తుకుంటాలే."

బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది. సబ్బుతో మళ్లీ కడుక్కుంది. హాల్లో ఆగకుండా అటునుంచి అటే వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ పిల్లని ఎత్తుకోమని అడగలేదు. పెళ్లి సంబంధాలు రెండు మూడు వచ్చాయి. అవతలి వాళ్లు ఆరా తీయకముందే తనే వద్దని చెప్పేసింది.

ఆమె మనసు విప్పి మాట్లాడింది ఒక్క కియోకోతోనే. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసేది. కియోకోని ప్రభుత్వం తాత్కాలిక షెడ్డులో ఉంచింది. పక్కింటివాళ్ల దగ్గు కూడా వినపడేంత పలచటి గోడలు.

"ఇవాళ పెట్రోలు బంకులో నా కారు నంబరు చూసి ఒకాయన వెనక్కి జరిగాడు" అంది కియోకో ఒకసారి. "ఫుకుషిమా నంబరు కదా."

"ఇక్కడ నంబరు కూడా అక్కర్లేదండీ" అంది ఉమాశ్రీ. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ సంగతికి నవ్వగలిగిన మనుషులు వాళ్లిద్దరే.

కొన్నేళ్లకి ఆ ఊరు తెరిచారు. కియోకో తన ఇంటికి వెళ్లిపోయింది. పొరుగువాళ్లు చాలామంది తిరిగి రాలేదట. అడవిపందులు ఇళ్లల్లో దూరి చాపలు చీల్చేశాయట. "వీధి మొత్తంలో నా ఒక్క ఇంట్లోనే దీపం వెలుగుతోంది" అని చెప్పింది.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు రవికిరణ్ ఆసుపత్రిలో ఆక్సిజన్ మీదున్నాడు. అనూషకీ పాజిటివ్ వచ్చింది. పదేళ్ల రసజ్ఞకి మాత్రం రాలేదు. పిల్లని దగ్గర పెట్టుకోమంటే చుట్టాలెవరూ ముందుకు రాలేదు. అనూష ఉమాశ్రీకి ఫోన్ చేసింది. చాలాసేపు దగ్గాక గాని మాట రాలేదు.

"అక్కా, నిన్ను అడగడానికి నాకు మొహం లేదు..."

"బట్టలు సర్దిపెట్టు. వస్తున్నా" అంది ఉమాశ్రీ.

రసజ్ఞ మెట్లమీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఉమాశ్రీని చూడగానే లేచి, దూరంగా నిలబడింది.

"పెద్దమ్మా, నా దగ్గరికి రాకు. నాలో కూడా ఉందేమో."

ఉమాశ్రీ వెళ్లి పిల్ల చెయ్యి పట్టుకుంది. ఆటోలో దారంతా వదల్లేదు. మియాపూర్ ఫ్లాట్‌లో మొదటి రాత్రి పిల్లకి నిద్ర పట్టక అమ్మ కావాలని ఏడిస్తే, పక్కన పడుకోబెట్టుకుని వీపు నిమిరింది. పదేళ్లుగా ఆమె ఒక మనిషిని అంత దగ్గరికి తీసుకోలేదు. చెయ్యి ఎలా వెయ్యాలో కూడా మొదట తెలియలేదు.

రవికిరణ్ బతికి బయటపడ్డాడు. అనూష కోలుకుంది. పిల్లని దిగబెట్టడానికి వెళ్లిన రోజు భార్యాభర్తలిద్దరూ ఆమెని తమతోనే ఉండిపొమ్మన్నారు, పక్క ఫ్లాట్ ఖాళీగా ఉందన్నారు. ఉమాశ్రీ నిజంగానే ఆలోచించింది. కానీ ఆ రెండు గంటల్లోనే టీవీ చప్పుడుకి, ఒకేసారి నలుగురు మాట్లాడటానికి ఆమెకి తల దిమ్మెక్కింది. "నాకు అలవాటు తప్పిందే" అని చెప్పి మియాపూర్ వచ్చేసింది. అప్పట్నుంచి పండక్కీ పుట్టినరోజుకీ వెళ్తుంది. చీకటి పడకముందే తిరిగొస్తుంది. రసజ్ఞ ఇప్పుడు బాచుపల్లిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. సెలవు దొరికితే పెద్దమ్మ దగ్గరికొచ్చి ఓ పూట నిద్రపోయి వెళ్తుంది.

పోయిన చలికాలంలో కియోకో చనిపోయింది. ఆ ఊరి మునిసిపల్ ఆఫీసు ఉద్యోగి ఫోన్ చేసి చెప్పాడు. అప్పటికే అంత్యక్రియలు అయిపోయాయట. ఆఫీసు టెర్రస్ మీద నిలబడి ఉమాశ్రీ అతనికి మర్యాదగా కృతజ్ఞతలు చెప్పింది. ఎదురుగా అద్దాల భవనాలు, కింద ట్రాఫిక్. ఈ వార్త ఎవరికి చెప్పాలో తోచలేదు. హైదరాబాదులో కియోకో పేరు తెలిసిన మనిషి ఒక్కరు కూడా లేరు.

సాయంత్రం ఇంటికి చేరి చెల్లెలికి ఫోన్ చేసింది. ఉమాశ్రీ తనంతట తను ఫోన్ చేయడమే అరుదు. అనూష కంగారుపడింది.

"ఏమైందక్కా?"

"కియోకో అని ఒకావిడ ఉండేదే. జపాన్‌లో. వాళ్లింట్లోనే ఉన్నాను. పోయిందట."

ఆ తర్వాత చాలాసేపు చెప్పింది. మైకు సంగతి, కారు, ఆటల హాల్లో ఒకే దుప్పటి కింద ఇద్దరూ పడుకున్న రాత్రులు. అనూష అడ్డు రాకుండా వింది.

"నువ్వు వచ్చేసేప్పుడు ఆవిడేమంది?"

"మీటరు గరగరమన్న తర్వాత కూడా నా రెండు చేతులూ పట్టుకుని కూర్చుందే. బస్సు వచ్చేదాకా."

"అక్కా, ఆ రోజు మేము నిన్ను..." అని అనూష చెప్పబోయి ఆగింది. ఉమాశ్రీ "సరే, ఉంటానే, అన్నం పొయ్యి మీదుంది" అని ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లింది.